హొళగుంద దారిలో ఇరవై రెండు గీతల తీపి

ఉదయం ఆరు పదికి కర్నూలు బస్టాండులో, ఎమ్మిగనూరు బస్సు వెనక డిక్కీలో నా సైకిల్ని పడుకోబెడుతుంటే కండక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

“సైకిల్ పెట్టుకోని బస్సెందుకెక్కుతాండారు మేడమ్? తొక్కుకుంటా పోకూడదా?”

“మంచి దారిలో తొక్కడానికి కాదప్పా, చెడ్డ దారిలో తొక్కడానికి తీసుకుపోతున్నా,” అన్నాను. అతను లగేజీ టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు.

నాకు నలభై ఎనిమిదేళ్లు. హైస్కూలు పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. పోయినేడు గరుసు దారుల కోసమే చేసిన లావు టైర్ల సైకిలొకటి కొన్నాను. అప్పటి నుంచి తారు రోడ్డు కనిపిస్తే మొహం తిప్పుకునే జబ్బు పట్టుకుంది. మార్చిలో రెండో శనివారం, ఆదివారం చేతికి దొరికాయి. ఎమ్మిగనూరు నుంచి ఆదోని, ఆదోని నుంచి హొళగుంద గుట్టలు, మళ్లీ ఆదోని. ఇంతే పథకం.

ఎనిమిదింటికి ఎమ్మిగనూరులో దిగి, బస్టాండు ఎదుట బండి మీద బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆ కారానికి కళ్లు చెమర్చినా మూడో బజ్జీ కూడా అడిగాను, సిగ్గేముంది! తర్వాత తుంగభద్ర కాలువ గట్టెక్కాను. ఒక పక్క నీళ్లు, ఒక పక్క మిరప కళ్లాలు. దారంతా ఎర్రటి గరుసు. ఒంటిగంటకు ఆదోని చేరాను. స్టేషను దగ్గర లాడ్జీలో గది దొరికింది. కౌంటరులో కూర్చున్న పెద్దాయన సైకిల్ని కిందా మీదా చూసి, “కింద పెడితే నా జిమ్మేదారీ లేదమ్మా, గదిలోకే తీస్కపో,” అన్నాడు. రెండంతస్తులు భుజాన మోశాను.

ఆదివారం ఐదూ ముప్పావుకే బయల్దేరాను. ఊరు దాటి హొళగుంద వైపు తిరగ్గానే తారు వదిలేసి గుట్టల్లోని బండ్ల బాట పట్టాను. అబ్బ, ఏం దారి! ఇరుపక్కలా ఇల్లంతేసి గుండ్లు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. ఎండ వాటి నెత్తిన పడగానే గుట్ట గుట్టంతా ఎరుపెక్కింది. ఎక్కుడులో చక్రం జారితే తిట్టుకున్నాను, దిగుడులో పళ్లు టకటకలాడుతుంటే నవ్వుకున్నాను. ఈ సీమను ఎండిపోయిన నేల అని తీసిపారేసేవాళ్లని ఒక్కసారి ఆ దిగుడులో వదిలిపెట్టాలి.

ఎనిమిదిన్నరకు గుట్ట దిగాక, శనగ కోసేసిన చేల నడుమ పచ్చటి ద్రాక్ష తోట కనిపించింది. పందిరి లేదు. నడుమెత్తున కట్టిన ఇనుప కమ్మీల వెంబడి తీగలు వరుసలుగా పాకి ఉన్నాయి, నల్లటి గుత్తులు వేలాడుతున్నాయి. సీసాలో నీళ్లు నింపుకుందామని గేటు దగ్గర ఆగాను. లోపల వేపచెట్టు కింద ఎనిమిది మంది కూలీ ఆడవాళ్లు కత్తెరలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. నలభై ఏళ్ల ఆవిడ కొంగు దోపుకుని పరుగున వచ్చింది. పేరు ఈరమ్మ. తోట ఆమెదే.

“రండి రండి మేడమ్! తెల్లారినప్పట్నుంచి మీకోసమే సూస్తాండాం.”

సీమలో అతిథి మర్యాదంటే ఇదీ అని పొంగిపోయాను. చాప వేసింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, గడ్డపెరుగు పెట్టింది. కడిగిన గుత్తొకటి చేతికిచ్చింది. చిన్న కాయ, మందం తోలు, నోటినిండా గింజలు. నా మొహం చూసి కూలీల్లో ఒకామె, “ఇవి తినేటివి కాదు మేడమ్, తాగేటివి. వైన్ కంపెనీకి పోతాయి,” అంది. అందరూ నవ్వారు.

రెండో రొట్టె కూడా ముగించాను. అప్పుడు ఈరమ్మ అడిగింది.

“ఇంక సూస్తారా మేడమ్? గొట్టం తెచ్చినారు కదా?”

“ఏం గొట్టం?”

ఆమె మొహం పాలిపోయింది. కాయ తీపి కొలవడానికి కంపెనీ నుంచి కొత్త మేడమ్ పొద్దున్నే వస్తుందని ఫోన్ చేశారట. నా హెల్మెట్టు, నల్లద్దాలు, సైకిల్ పిడి మీద మెరిసే దూరం కొలిచే పరికరం చూసి నేనే ఆవిడనుకుంది. నేను మాత్రం మహారాణిలా కూర్చుని పరాయి వాళ్ల రొట్టెలు తిన్నాను! నేలలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడే ఈరమ్మకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్ బండి చెడిపోయిందట, బుధవారం వస్తారట. లేదంటే రైతే కొలిచి ఫోటో పంపాలి, గొట్టంలో తీపి గీత ఇరవై రెండు దాటితే సాయంత్రానికి లారీ పంపుతామన్నారు.

ఈరమ్మ బళ్లారి వైపు ఆకాశం చూపించింది. మబ్బు దిగుతోంది. “పోయినేడు ఇట్లే బుధవారం దాకా ఆగమన్నారక్కా. వాన పడి కాయంతా పలిగింది. కంపెనీ ముట్టలేదు. గొర్రెలకేసినాం.” నేను మేడమ్‌ని కానని తేలగానే అక్కనయ్యాను. ఇంకో ఏడు అలా పోతే తోట పీకేద్దామని మొగుడు తిప్పన్న అంటున్నాడట. అతను ట్రేలు తేవడానికి ఇంట్లో ఉన్న ఒక్క మోటారు సైకిలూ వేసుకుని ఆదోని పోయాడు. కొలిచే గొట్టం గుట్టకు అవతల ఆమె చిన్నాయన హనుమంతప్ప దగ్గరుంది. ఆయన ముసలాయన, అంత దూరం నడవలేడు. రోడ్డు మీద చుట్టూ తిరిగితే ఇరవై కిలోమీటర్లు, గుట్ట మీదుగా ఆరు. నడుమ వంక కోసేసినచోట మోటారు బండి దిగదు.

“సైకిలైతే మోసుకోవచ్చు. నేను తెస్తాను,” అనేశాను. తిన్న రొట్టె ఊరుకోనివ్వలేదు.

తొమ్మిదింటికి గుట్టెక్కాను. వంక దగ్గర సైకిల్ భుజానేసుకుని బండలు పట్టుకుని దిగాను, మళ్లీ ఎక్కాను. హనుమంతప్ప గుడిసె ముందే నిలబడి ఉన్నాడు. తువ్వాల్లో చుట్టిన జానెడు గొట్టం చేతిలో పెట్టి, “పడేసేవు తల్లీ. అద్దం పలిగితే మా రెండు తోట్లకీ కళ్లు పోయినట్టే. బేగ పో,” అన్నాడు. తిరుగు దిగుడులో ముందు చక్రం గరుసులో జారి నేను పడనే పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. చొక్కాలోకి దోపుకున్న గొట్టాన్ని మాత్రం వదల్లేదు.

పదకొండింటికి తోట చేరి చూస్తే, కళ్లు తిరిగినంత పనైంది. కత్తెరలు ఆడుతున్నాయి! నాలుగు వరుసలు అప్పటికే కోసేశారు. ట్రేలతో తిరిగొచ్చిన తిప్పన్న తల పట్టుకుని తిరుగుతున్నాడు.

“సెప్తే ఇనదు మేడమ్. ఇరవై రెండు రాకుంటే ఈ కోసిన కాయ ఎవురికి పెట్టల్ల?”

పిల్లలకు కాంతి వక్రీభవనం బోర్డు మీద వందసార్లు గీసి చూపించాను, ఏనాడూ ఇంత భయం వేయలేదు. ఒక్కో వరుసలోంచి ఒక్కో కాయ తెచ్చి పిండి, ఆ రసం అద్దం మీద రెండు చుక్కలు వేసి, మూత నొక్కి, వెలుగుకేసి చూశాను. నీలం, తెలుపు కలిసే గీత ఇరవై రెండు దాటి ఒక గీత పైన ఆగింది. తిప్పన్నకు చూపించాను. అతను చూసి అక్కడే కింద కూలబడ్డాడు. ఫోటో పంపాం. ఐదు నిమిషాల్లో లారీ వస్తోందని కబురు వచ్చింది.

ఈరమ్మ గొట్టం వంకే రాలేదు. కత్తెర ఆపలేదు కూడా.

“నీకెట్లా తెలిసింది?”

“గింజ కొరికితే తెలీదా అక్కా? పచ్చిదైతే సాగుతాది, పండింది పటుక్కున పలుగుతాది.”

“మరి నన్నెందుకు గుట్టెక్కించావు?”

“నా నాలిక ఫోటో తీసి పంపితే ఒప్పుకుంటారా వాళ్లు?”

నవ్వలేక చచ్చాను. ఇంత మొండి ధైర్యం, ఇంత వేళాకోళం ఒకే మనిషిలో నేనెక్కడా చూడలేదు. ఒంటిగంట దాకా నేనూ గుత్తులు కోశాను. తారు రోడ్డు మీదుగా ఆదోని చేరి, నాలుగూ నలభై కర్నూలు బస్సెక్కాను.

వెళ్లదలచుకున్నవాళ్లకు ఒక మాట. ఎండలు ముదరక ముందే వెళ్లండి. తుమ్మముళ్లు ఎక్కువ, ట్యూబులు రెండు పెట్టుకోండి. నీళ్లు మూడు లీటర్లకు తగ్గకూడదు. మన జిల్లాలో ఇంతకంటే అందమైన గరుసు దారి ఉందంటే నేనొప్పుకోను, ఇంతకంటే మంచి మనుషులున్నారన్నా ఒప్పుకోను.

ఎమ్మిగనూరు దాటాక బస్సు అద్దం మీద చినుకులు మొదలయ్యాయి. వెంటనే ఈరమ్మకు ఫోన్ చేశాను.

“లారీ పోయిందక్కా. ఆఖరి ట్రే ఎక్కించి పంపినాం.” ఆమె మాటల వెనక రేకుల మీద దడదడమని చప్పుడు.

“అక్కడా వానేనా?”

“పడతాంది,” అంది ఈరమ్మ. “పడనీలే అక్కా. ఈ పొద్దు ఎంతైనా పడనీ.”