కిటికీ ఊచ మీద చెయ్యి

మా పక్కింటి బాబాయిగారు పోయారని ఫోను వచ్చినప్పుడు నా ఎదుట కంప్యూటర్ బిగుసుకుపోయి ఉంది. ఆపమని నొక్కి ముప్పావు గంటయింది. తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి ఒకచోట నిలిచిపోయాయి. లోపలి ఫ్యాను మాత్రం ఆగలేదు. ఆస్పత్రి నుంచి పిన్నిగారు, "ఆయన ఇక లేరమ్మా" అన్నారు. నిజం చెబుతాను, ముందు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. దీన్ని ఇక ఎవరు బాగుచేస్తారన్న భయం. అలాంటి సమయంలో ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే ఇంకో భయం. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఆ భయం ఇప్పటికీ తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

బాబాయిగారంటే చుట్టరికం కాదు. వాళ్ల గోడా మా గోడా ఒకటే, పిలుపు అలా కలిసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. విజయవాడ వీధుల్లో నడుస్తుంటే ఏ మలుపులో నేల కింద ఏ తీగ పోతుందో చెప్పేవారు. జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉండేది, పెళ్లికి వెళ్లినా సరే. మా ఇంట్లో కాఫీ ఇస్తే ముందు గ్లాసును వైర్లకు దూరంగా పెట్టేవారు. ఒక గుక్క తాగి, దాన్ని ఇంకాస్త దూరం జరిపేవారు.

నేను పుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తాను. మైలవరం దగ్గర ఒక హాస్టల్లో చూపులేని ఆడపిల్లలున్నారు. వాళ్ల పరీక్షల పాఠాలన్నీ నా గొంతులోనే వింటారు. బుడమేరు వాగు పొంగి నీళ్లు మా పేటలోకి వచ్చినప్పుడు కింది గదిలోని పాత కంప్యూటర్ మునిగిపోయింది. నాలుగేళ్లు చదివిందంతా దానితోపాటే పోయింది. హాస్టల్ నుంచి ఒకమ్మాయి ఫోను చేసి, "పర్లేదక్కా, మళ్లీ చదువుతారుగా" అంది. ఆ పిల్ల అంత తేలిగ్గా అనేసరికి నాకు భయం పట్టుకుంది. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, పై గదికి వెళ్లి, అక్కడికి చేర్చిన పుస్తకాలూ మైకూ అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేదాన్ని.

కొత్తది కొందామంటే బాబాయిగారు ఒప్పుకోలేదు. "మనమే బిగించుకుందాం అమ్మాయ్. లోపల ఏది ఎక్కడుందో తెలిస్తే భయం తగ్గుద్ది" అన్నారు. నెలపాటు బజారంతా తిరిగి ఒక్కొక్క భాగమే తెచ్చారు. భాగాలన్నీ బిగించే పెద్ద బోర్డు కోసమైతే మూడు దుకాణాలు తిరిగి, నాలుగోచోట రెండుసార్లు పరీక్ష పెట్టించి మరీ తీసుకున్నారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. మా పై గదిలో, కిటికీ పక్కన బల్ల మీద పని మొదలైంది.

పెట్టె మూత తీసే ముందు ప్రతిసారీ ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, ఇనుప ఊచ మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడేవారు. ఆ కిటికీలోంచి చూస్తే ఇళ్ల మీదుగా దుర్గమ్మ కొండ కనిపిస్తుంది. అమ్మవారికి దండం పెట్టుకుంటున్నారనుకున్నాను. నేనూ చెప్పులు విడిచి, కొండవైపు తిరిగి, కళ్లు మూసుకుని దండం పెట్టి, తిన్నగా వచ్చి బోర్డు పట్టుకునేదాన్ని. మూడో రోజు ఆయన చూడనే చూశారు.

"ఏంటమ్మాయ్, అస్తమానం ఆ దండం?"

"మీరు పెట్టుకుంటున్నారు కదండీ."

దగ్గు వచ్చేదాకా నవ్వారు. "ఒంట్లో కాస్త కరెంటు ఉంటుందమ్మా, కంటికి కనపడదు. దాన్ని ఇనుముకి వదిలేసి రావాలి. లేకపోతే చిప్పులు పోతాయ్. అమ్మవారికి దండం పెట్టుకో, నేను వద్దన్ను. ఊచ కూడా పట్టుకో."

ఆ తర్వాత నేను రెండూ చేసేదాన్ని. పిన్నిగారు కాఫీ తెచ్చి, "ఆ ఊచని పట్టుకున్నంత ప్రేమగా నా చెయ్యి ఏనాడైనా పట్టుకున్నారా?" అని దెప్పేవారు. ఆయన వినపడనట్టు స్క్రూలు ఏరుకునేవారు.

ఏడాదికి పైగా కంప్యూటర్ చక్కగా నడిచింది. సగానికిపైగా పాఠాలు మళ్లీ చదివాను. ఆ తర్వాత ఈ జబ్బు మొదలైంది. పని చేసినంతసేపూ బాగానే ఉంటుంది. ఆపబోతే బిగుసుకుంటుంది. చివరికి బటన్ నొక్కిపట్టి బలవంతంగా ఆపాలి. రేపు మళ్లీ లేస్తుందో లేదో, లేస్తే పాఠాలుంటాయో ఉండవో అని అన్నం సహించేది కాదు. మొదటిసారి కంగారులో ప్లగ్గు పీకబోయాను. బాబాయిగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"గుంజకు. దానికేదో పని తెమలట్లేదు. దేనికోసం కూర్చుందో కనుక్కుందాం. బయటి తీగలు ఒక్కోటి తీసి, ఆపమని నొక్కి, ఒకటీ రెండూ లెక్కపెడుతూ చూడు. అన్నీ ఒక్కసారే తీస్తే దొంగ ఎవరో తెలీదు."

రోజుకొకటి తీశాం. ప్రింటర్ తీశాం, మైకు తీశాం, స్పీకర్లు తీశాం. అదేమీ మారలేదు. కంటి ఆపరేషన్ తర్వాత ఆయనకు దగ్గరివి సరిగ్గా ఆనేవి కావు. కుర్చీలో కూర్చుని, "నా కళ్లని నమ్ముకోకు. నువ్వు చూసి చెప్పు. తీగలు ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

"లేవండీ" అన్నాను.

ఉంది. పాఠాలన్నిటికీ ఇంకో కాపీ ఒక చిన్న డిస్కులో దాచుకున్నాను. నీళ్లు మేడదాకా వచ్చినా అందకూడదని దాన్ని అటక మీద పెట్టి, పొడుగాటి తీగ కొని, కర్టెన్ చాటునుంచి కంప్యూటర్‌కు కలిపాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాన్ని ఊడదీసిన క్షణంలో రెండు చోట్లా అంతా చెరిగిపోతుందని నా భయం. అర్థంలేని భయమే. కానీ ఒకసారి మునిగినవాళ్లకు అర్థంతో పనిలేదు.

నా మాట నమ్మి ఆయన లోపలి భాగాల మీద పడ్డారు. నాలుగు రోజులు వంగి వెతికారు. ఐదో రోజు ఆయాసం వచ్చింది, ఆస్పత్రిలో చేర్చారు. అక్కడినుంచి ఫోను చేశారు.

"ఆగిందా?"

"లేదండీ."

"అయితే బోర్డే అమ్మాయ్. నేనే ఏరి తెచ్చాను. తప్పు నాది. ఇంటికి రాగానే మార్చేద్దాంలే, నువ్వు భయపడకు."

అప్పుడైనా చెప్పవలసింది. చెబితే ఆ తీగ తీసెయ్యమంటారని నోరు మూసుకున్నాను. రెండు రోజులకు ఆయన పోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు మధ్యాహ్నం పై గదికి వెళ్లాను. కొండవైపు దండం పెట్టాను. ఊచ పట్టుకున్నాను. స్టూలెక్కి అటక మీది డిస్కును తడిమి, కళ్లు గట్టిగా మూసుకుని తీగ లాగేశాను. దిగివచ్చి కంప్యూటర్ ఆపమని నొక్కాను. ఆయన చెప్పినట్టే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు అనేలోపు తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. అంత పొడుగు తీగలో ఆ డిస్కు జవాబు సరిగ్గా అందక, పాపం ఆ యంత్రం రోజూ దానికోసం కూర్చునేదన్నమాట. మళ్లీ ఆన్ చేశాను. పాఠాలన్నీ ఉన్నాయి. ఒక్కటీ చెరగలేదు. వాటిని చూస్తూ నేలమీద కూలబడి, అప్పుడు ఏడ్చాను.

పిన్నిగారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. తీగ సంగతి, నా అబద్ధం సంగతి. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపి తలెత్తారు.

"అయితే బోర్డు బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ."

"నిజంగానా? ఆస్పత్రిలో అదే గొడవమ్మా. బోర్డు, బోర్డు అని." ఆవిడ మొహం ఒక్కసారి విచ్చుకుంది. లోపలి గదివైపు తిరిగి, "ఏవండోయ్, బోర్డు బాగానే ఉందంట!" అని కేకేశారు.

కేకేసిన తర్వాత గుర్తొచ్చింది. చేట ఒళ్లోనే ఉంది. మేమిద్దరం చాలాసేపు ఆ గుమ్మంవైపే చూస్తూ కూర్చున్నాం.

హాస్టల్ పిల్లలకు మిగిలిన పాఠాలు మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు కాపీ తీసుకున్న వెంటనే డిస్కు ఊడదీస్తున్నాను. తీసే ప్రతిసారీ భయపడుతూనే ఉన్నాను. ముందు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడతాను. ఆ ఊచకు ఆకుపచ్చ రంగు రెండుచోట్ల అరిగిపోయి ఇనుము తేలింది. కిందది నా చెయ్యి ఆనేచోటు. దానికి జానెడు పైన ఉన్నది ఆయనది. అక్కడ అప్పుడే సన్నగా తుప్పు పడుతోంది.