ఎముకలు కట్టే పెదనాయన

మొన్న ఉదయం కోవిల్‌పట్టి నుంచి పత్తిబండి తోలుకొచ్చిన మనిషి చెప్పాడు, ఎముకలు కట్టే మా పెదనాయన ఇక లేరని. ఆయన మాకు రక్తసంబంధం కాదు, మా పుట్టింటి పక్కింటి రైతు. అయినా ఈరోజు నేను రెండు కాళ్లమీద నిలబడి సంసారం చేసుకుంటున్నానంటే అది ఆయన చలవే.

మా వైపు మోటారు బస్సులు కొత్తగా తిరుగుతున్న రోజులవి. నాకు పదహారేళ్లు. అమ్మతో విరుదునగర్ నుంచి బస్సులో వస్తుంటే, హారను మోతకు ఎదురుబండి ఎద్దులు బెదిరి రోడ్డుకు అడ్డం తిరిగాయి. వాటిని తప్పించబోయి డ్రైవరు బస్సును గట్టు కిందికి దించాడు. బస్సు ఒరిగిపోయింది. అమ్మ చిన్న చిన్న గీరుళ్లతో బయటపడింది. నా కుడికాలు మోకాలి కింద విరిగింది, డ్రైవరుకు చెయ్యి విరిగింది. ఇద్దరినీ ఒకే బండిలో పెదనాయన ఇంటికి తెచ్చారు.

నాన్న డ్రైవరును చూసి మండిపడ్డాడు. వాడికి కట్టు కట్టేదైతే నా బిడ్డను తీసుకుపోతానన్నాడు. పెదనాయన కట్టు కోసం గుడ్డు సొనలో మినప్పిండి కలుపుతూ తల ఎత్తలేదు.

"ఇరిగిన ఎముకకి తప్పెవురిదో తెలీదు తమ్ముడా. నాకూ తెలుసుకోవాలని లేదు."

కళ్లు మూసుకుని వేళ్లతోనే ఎముకను వెతికేవారు. పొద్దున ఏం తిన్నావని నన్నడిగి, నేను జవాబు చెబుతుండగానే కాలు లాగి సరిచేశారు. తన చేతకానిది చేతకాదనడానికి ఆయనకు సిగ్గులేదు. ఒకసారి తోలు చీల్చుకుని ఎముక బయటికొచ్చిన మనిషిని తెస్తే, ఇది మదురై ఆస్పత్రి పని అని చెప్పి, రైలెక్కేదాకా ఆ కాలు కదలకుండా తన ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చున్నారు.

పెదనాయన ఇంటి పంచలోనే నేనొక మూల, డ్రైవరొక మూల. సిగ్గుతో అతను అన్నం ముట్టేవాడు కాదు. పెదనాయన అతని ముందు వేరుశెనక్కాయలు పోసి, మంచి చేత్తో ఒలిచి గిన్నెలో వేసి పాపకు పెట్టమన్నారు. మూడు రోజులు నేను ఆ గిన్నె వైపు చూడలేదు. నాలుగోరోజు ఒక గుప్పెడు తిన్నాను. అతను మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం నాన్నే అతనికి కూడు తెచ్చిపెట్టాడు. పెదనాయన కట్లకు వెదురు బద్దలు నున్నగా చెక్కుకుంటూ కూర్చున్నారు.

కట్టు విప్పాక నాకు అడుగు వెయ్యాలంటే భయం. కాలు మళ్లీ పుటుక్కుమంటుందనిపించేది. ఆయన నన్ను వాన వెలిసిన చేలోకి తీసుకుపోయారు.

"నన్ను సూడు పాపా. కాలిని సూడొద్దు."

అరవై దాటిన మనిషి, పత్తి సాళ్ల మధ్య మెత్తని నల్లమట్టిలో వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. రెండు చేతులూ నా వైపు చాచి, నన్ను తాకకుండా.