బోర్లా పడుకున్న మేక

నేను చేసిన తప్పు చిన్నదే. కంప్యూటర్‌లో ఒక మీట నొక్కాల్సిన చోట ఇంకో మీట నొక్కాను. దానివల్ల పాలమూరులో ఒక ముసలామె పెంచుకున్న మేకకు మిగిలిన ఒక్క కన్నూ పోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పకుండా రెండేళ్లు ఆమె ఇంట్లోనే కూర్చుని రొట్టె తిన్నాను. చెబితే మళ్ళీ గడప తొక్కనివ్వదని భయం. అప్పట్లో నాకంటూ ఉన్నది ఆ ఒక్క గడపే.

తొంభైల నడుమ సంగతి ఇది. హైదరాబాద్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై మిషన్ నడిపేవాణ్ణి. మాది కట్టంగూర్ దగ్గర పల్లె. అమ్మా బాపూ పోయాక అన్నలు భూమి పంచుకున్నారు. నేను ఊరికి పోతే చుట్టం వచ్చినట్టు మంచం వాల్చి, ఎప్పుడు తిరిగి పోతావని అడిగేవాళ్ళు. అడగడంలో తప్పేం లేదు, కానీ నాకు ఒళ్ళు మండేది. పట్నంలో కిరాయి గది. పొద్దంతా అద్దం వెనక కూర్చుని, మిషన్‌లో పడుకున్నవాళ్లకు మైకులో "కదలొద్దు, అయిపోవస్తాంది" అని చెప్పేవాణ్ణి. కొన్ని రోజులు ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ మాట్లాడకుండానే గదికి పోయి పడుకునేవాణ్ణి. ఒంటరితనంతో చచ్చిపోయేవాణ్ణి, ఇప్పుడు దాచుకుని ఏం లాభం.

మా పెద్ద డాక్టర్‌కు పాలమూరులో పశువుల డాక్టర్ ఒకాయన చిన్ననాటి దోస్తు. ఒక ఆదివారం, పేషెంట్లు లేని పూట, ఆయన జీపులో ఒక ఆడమేకను ఎక్కించుకొచ్చాడు. దాని మెడ పట్టుకుని ఒక ముసల్మాన్ల ముసలామె దిగింది. మేక మూడు వారాలుగా ఎడమ దిక్కుకే గిరగిరా తిరుగుతోంది. కుడికన్ను కనిపించడం లేదు. మెదడులో నీటితిత్తి పెరిగితే మేకలకూ గొర్రెలకూ ఇట్లా అవుతుందట. పుర్రెకు చిన్న చిల్లు పెట్టి ఆ తిత్తిని లాగేస్తే బతుకుతుంది, లేకుంటే లేదు. చిల్లు ఏ వైపు పెట్టాలన్నదే చిక్కు.

"తిరుగుడు చూస్తే ఎడమనే అనిపిస్తాంది. కానీ గీ రోగం ఒక్కోపారి మోసం చేస్తది. నువ్వు జాగా చూపియ్యి, నేను కోస్త," అన్నాడు పశువుల డాక్టర్.

ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "ఇది పుట్టినప్పుడే తల్లి సచ్చింది. సీసపాలు తాపి సాదిన. మా ఆయన పోయినంక ఇంట్ల నేను మాట్లాడేది దీనితోనే. జర మంచిగ చూడు బిడ్డా."

మంచిగానే చూశాను. ఆ రోజు పడ్డంత పాటు ఏ మనిషి తలకూ పడలేదు. మనిషి తలకు తొడిగే చట్రం, కాయిల్ అంటారు, మేక తలకు వదులైంది, మోకాళ్లకు వాడే కాయిల్ తెచ్చి తొడిగాను. మనిషి మెదడును ఐదు మిల్లీమీటర్ల మందంతో పొరలు పొరలుగా బొమ్మ తీసేవాళ్ళం. మేక మెదడేమో జామకాయంత. మూడు మిల్లీమీటర్లకు దించాను. పొర సన్నబడితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు అవుతుంది, అందుకని ఒక్కోటి నాలుగుసార్లు తీయించి కలిపాను. మిషన్ మోతకు మత్తులోంచి లేవకుండా చెవుల్లో దూది పెట్టాం. మేకను వెల్లకిలా పడుకోబెడితే కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరాడక చస్తుందని డాక్టర్ దాన్ని బోర్లా పడుకోబెట్టాడు.

అక్కడే కొంప మునిగింది. మొదలుపెట్టే ముందు పేషెంటు ఎట్లా పడుకున్నాడో కంప్యూటర్‌కు చెప్పాలి. కుడి ఎడమలు అది దాన్నిబట్టే రాస్తుంది. వందల మందిని వెల్లకిలా పంపిన వేళ్లు వెల్లకిలా అనే నొక్కాయి. అలవాటులో పొరపాటు అంటారే, అదే. మనిషి బొమ్మయితే మొహం కిందికి, తలకిందులుగా వచ్చి అప్పుడే పట్టిచ్చేది. మేక బొమ్మ మాత్రం, అది నాలుగు కాళ్ల మీద నిలబడ్డట్టు, నెత్తి పైకి, దవడ కిందికి, చూడముచ్చటగా వచ్చింది. నీళ్లను తెల్లగా చూపించే టీ-టూ బొమ్మలో తిత్తి కోడిగుడ్డులా మెరిసింది. పక్కన కుడి అని గుర్తు.

పశువుల డాక్టర్ ఫిల్మును చాలాసేపు చూశాడు. "కుడా? సరే, మిషన్ కంటె నాకెక్కువ తెలుసా," అని దాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆపరేషన్ మర్నాడు పన్నెండింటికి అన్నాడు.

సోమవారం పొద్దున వీపు కాలిన పేషెంటు ఒకాయన వచ్చాడు. ఆయన్ను బోర్లా పడుకోబెట్టాం. వెనకనుంచి పెద్ద డాక్టర్, "పొజిషన్ మార్చినవా?" అన్నాడు. మార్చాను. మార్చిన వేలు మీట మీదే ఉండిపోయింది. నిన్న మేకకు మార్చలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ స్కాన్ ఎట్లా పూర్తిచేశానో తెలియదు. ఎస్టీడీ బూత్‌లోంచి పాలమూరు పశువుల దవాఖానకు మూడుసార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, ఎవరూ ఎత్తరు. బస్సెక్కాను. జడ్చర్లలో డ్రైవర్ తీరిగ్గా దిగి చాయ్ తాగుతుంటే వాణ్ణి నమిలి మింగాలనిపించింది. నేను చేసిన పనికి వాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను.

నేను పోయేసరికి ఒంటిగంట దాటింది. షెడ్డులో మేక బల్ల మీద ఉంది. పుర్రెకు కుడివైపు చిల్లు. డాక్టర్ చేతిలో సూది. నీటికోసం అప్పటికే రెండుసార్లు లోపలికి దించి చూశాడు. నీళ్లు రాలేదు.

"సార్, ఎడమ. తప్పు నాదే," అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నా చెయ్యి ఎడమ ఎడమ అని మొత్తుకుంటనే ఉండె. నీ బొమ్మను చూసి నా చేతిని నేనే కాదన్న," అని, కుడివైపు కుట్టేసి ఎడమవైపు తెరిచాడు. కాసేపటికి తిత్తి చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. చేతులు కడుక్కుంటూ నా మొహం చూడకుండా, "ఆమెకు నువ్వే చెప్పు," అన్నాడు.

ముసలామె బయట మెట్ల మీద కూర్చుని ఉంది. చెమటతో తడిసి ఉన్న నన్ను చూసి లేచి నిలబడింది. కొంగుతో నా మొహం తుడిచింది. "గా పట్నం కెల్లి నా మేక కోసం ఉరికొచ్చినవా? సొంతోళ్లు గూడ గిట్ల రారు బిడ్డా." అమ్మ పోయాక నా మొహం తుడిచినవాళ్లు లేరు. బతుకుతుంది అని మాత్రం చెప్పి తల వంచుకున్నాను.

మేక బతికింది, గిరగిరా తిరగడం మానేసింది. కానీ కుడికన్ను మళ్ళీ రాలేదు. సూది దిగిన కుడివైపు లోపల ఏం దెబ్బతిందో, ఎడమకన్ను కూడా పోయింది. పదిరోజుల తర్వాత చూడటానికి వెళ్తే అది గోడను మూతితో తడుముకుంటూ నడుస్తోంది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆమె జొన్నరొట్టె, పుంటికూర ముందు పెట్టింది. తిన్నాను. మళ్ళీ నెల వెళ్లాను. ఆ తర్వాత ప్రతి నెలా ఒక ఆదివారం పాలమూరు బస్సెక్కడం అలవాటైంది. చిన్నమ్మను పిలిచినట్టు ఆమెను ఖాలా అని పిలిచేవాణ్ణి. బొంతలు కుడుతూ ఆమె, ఈ నెల ఎవరు పోయారో, ఎవరింట్లో పెళ్ళో చెప్పేది. నేను వారం పొడుగునా దిగమింగుకున్న మాటలన్నీ అక్కడ కక్కేవాణ్ణి. మేక నా వాసన పట్టి వచ్చి అంగీ అంచు నమిలేది. "నీ దోస్తు వచ్చిండే," అనేది ఆమె దానితో. దోస్తు! ఆ మాటకు నేను తల వంచి రొట్టె తుంచేవాణ్ణి. దాని తల తగలకుండా ఆమె గడప కమ్మీలకు పాత బొంతలు చుట్టింది. నేను ఆ బొంతలకేసి చూడకుండా లోపలికి పోయేవాణ్ణి.

సెంటర్‌లో మాత్రం ఏ తలను మిషన్‌లోకి పంపినా కుడి చెంపకు చేపనూనె గోళీ ఒకటి అంటించేవాణ్ణి. బొమ్మలో అది తెల్లగా మెరుస్తుంది, కుడి ఎడమలు తప్పే పనిలేదు. "పేషెంట్లకు పులుసు పెడతవా ఏంది?" అని మా వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

రెండేళ్లకు, వానాకాలంలో, నేను వెళ్లేసరికి గుంజకు తాడు ఒక్కటే ఉంది. నాలుగు రోజుల కిందట కడుపుబ్బి చచ్చిపోయిందట. ఖాలా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మేకను చూడటానికని వచ్చేవాణ్ణి కదా, ఇక ఏ వంకతో రావాలి అన్నది నాకు మొదట తట్టిన ఆలోచన. నామీద నాకే అసహ్యం వేసింది. దాని ముందు కూర్చుని తిన్న రొట్టెలన్నీ గుర్తొచ్చాయి. ఈ గడప పోతే పోయిందిలే అనుకుని చెప్పేశాను. మీట, వెల్లకిలా, బోర్లా, కుడి, ఎడమ, అంతా. చివరికి, "దానికి మిగిలిన కన్ను తీసింది నేనే ఖాలా," అన్నాను.

ఆమె తాడును చుట్టి పక్కన పెట్టింది.

"నాకెరుకనే బిడ్డా. డాక్టర్ సాబ్ రెండో దినమే చెప్పిండు."

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితె సిగ్గుపడి నువ్వు మళ్ళ రావు గద."

ఆమె లేచి పొయ్యి మీద చాయ్ పెట్టింది. నేనూ అదే భయంతో రెండేళ్లు నోరు మూసుకున్నానని చెప్పడానికి, ఆ చాయ్ అయ్యేదాకా పట్టింది నాకు.