ఎర్రదారం, నీలందారం

రేవులో దిగే దుంగల్ని కొలవడం గుమాస్తా ఉద్యోగం. ఏ దేశం ఏటా ఎంత గట్టికలప దిగుమతి చేసుకుందో లెక్క తీయడం ఆయన పిచ్చి. ఆఫీసు గోడమీది చెక్కపలకకు ఏటా ఒక్కో దేశానికో మేకు చొప్పున, దిగుమతి ఎంతో అంత ఎత్తున కొట్టి, మన దేశానికి ఎర్రదారం, పొరుగుదేశానికి నీలందారం చుట్టేవాడు. మొదట్లో రెండూ పక్కపక్కనే నడిచాయి. పాతికేళ్లలో నీలం నేలచూపులు చూసింది, ఎర్రది పలక అంచుదాకా ఎగబాకింది.

"చూశావా బావా, వాళ్లకి కలప కొనే తాహతే లేదు!" అన్నాడు గుమాస్తా, ఈ ఏడూ మేకులు కొట్టి మీసం దువ్వుతూ.

బావ, అంటే అక్క మొగుడు, ఓడల్లో తిరిగొచ్చిన మనిషి. ఏటా ఈ మాటే విని విని ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

"తాహతు లేక కాదయ్యా! వాళ్లు నాటిన చెట్లు కోతకొచ్చాయి, అందుకే కొనట్లేదు. మనకి కొట్టడానికే చెట్టు మిగల్లేదు. కూర్చున్న కొమ్మ నరుక్కుని, ఎంత లోతుకి పడ్డామో కొలిచి మురిసిపోతావేంటి?"

గుమాస్తా చేతిలోని సుత్తికేసి చూశాడు. కుర్రతనంలో ఆయన పని కొండల్లో. నరకాల్సిన చెట్టు మొదలుకు గాటు పెట్టి, అచ్చు ఉన్న సుత్తితో ముద్ర కొట్టేవాడు. ముద్ర పడితే ఆ చెట్టుకు నూకలు చెల్లినట్టే.

ఇప్పుడు చేతిలో ఉన్నదీ ఆ సుత్తే. పలకను దగ్గరగా చూశాడు. ఎర్రదారం పొడుగునా, మేకుకు దెబ్బ తప్పిన చోటల్లా అదే ముద్ర.