స్నానాల బండ కింద దొరికిన కుండ

చిన్ననాటి నేస్తాలూ, గూళూరు దగ్గర మొట్టమొదట ఊరు కట్టిన మా పుట్టింటివాళ్ల ఇల్లు ఇప్పుడు మ్యూజియం అయింది. నిన్న చూడ్డానికి పోయాను. అద్దాల పెట్టెలో మూతి విరిగిన కుండ కనబడగానే దగ్గరికి వెళ్లి ఇదేమిటని అడిగాను.

"పెరుగు కుండమ్మా. పెరట్లో స్నానాల బండ కింద దొరికింది" అన్నాడు అక్కడి మనిషి.

పెరుగా! మా తమ్ముడు పుట్టిన పూట, వాడితో వచ్చిన మాయను అవ్వ పసుపు చల్లి ఆ కుండలోనే పెట్టి ఆ బండ కింద పాతిపెట్టింది. మన్ను కప్పింది నేనే. మీ ఇళ్లలోనూ పాతేవాళ్లు, గుర్తుందా? తవ్వితే బిడ్డకు కీడని అవ్వ ఎంత బెదిరించేది!

అక్కడినుంచే తమ్ముడికి ఫోన్ చేశాను.

"బాగుండావేమప్పా?"

"బాగుండానక్కా. మోకాలు పట్టేసిండాది, అంతే."

"ఎప్పట్నించి?"

"మన ఇల్లు మ్యూజియం చేసినప్పట్నించే అనుకో."

ఫోన్ పెట్టేసి ఆ మనిషివైపు తిరిగాను.

"దీన్ని మళ్లీ పూడ్చల్ల. గడ్డపార యాడుండాదప్పా?"