షాఫ్టు ఒరిగిన ఆదివారం

ఊరిగాం బంగారు గనుల కార్మికుల లైనిళ్లలో ఉండే క్లెమెంటుకు తన కళ్లంటే మహా గొప్ప. గనిలో దీపం ఆరిపోయినా బండలో సన్న చీలికను పట్టేసిన కళ్లవి అని చెప్పుకునేవాడు. ఆ చీకట్లో సాక్ష్యానికి ఎవరూ లేరు గనక కాదనేవాళ్లూ లేరు. గనులు మూతపడినాక బెంగుళూరులో ఒక అపార్టుమెంటుకు సెక్యూరిటీగా రోజూ రైల్లో పోయి వస్తున్నా, ఆ గొప్ప మాత్రం తగ్గలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, మటన్ కూర తిని, వాకిట్లో మంచమేసుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఎదురుగా పాత గనిలోకి దిగే బావి, అదే షాఫ్టు, దాని మీది ఇనుప గోపురం. చూస్తూ ఉండగానే అది మెల్లగా ఆయన మీదికి ఒరగసాగింది.

అంతే! లుంగీ ఒక చేత్తో పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా లైనంతా పరుగెత్తినాడు.

"షాఫ్టు పడిపోతా ఉండాది! బయటికి రండప్పా!"

జనం ఎంగిలి చేతులతో బయటికొచ్చినారు. పక్కింటి ఆదిలక్ష్మమ్మ టీవీని చంకలో పెట్టుకుని వచ్చింది. అందరూ తలెత్తి చూసినారు. గోపురం ఎప్పట్లాగే నిలబడి ఉంది.

"యాడయ్యా పడింది?" అంది ఆయన భార్య మార్గరెట్.

బడిలో సైన్సు చెప్పే ఎదురింటి ప్రిన్సీ నవ్వు ఆపుకుంది. "గోపురం కదల్లేదు అంకుల్. వెనక మేఘాలు అటు పోతా ఉంటే, ఇది ఇటు ఒరిగినట్టు కనిపిస్తాది. దీన్ని ఆప్టికల్ ఇల్యూజన్ అంటారు, దృష్టిభ్రమ. కన్ను బాగానే చూస్తాది. మెదడే తప్పుగా అర్థం చేసుకుంటాది."

"అంటే నా కళ్లది తప్పు లేదు!" అన్నాడు క్లెమెంటు, కాస్త ఊపిరి పీల్చుకుని.

"కళ్లది లేదు. తప్పంతా పైనున్న బుర్రది," అంది మార్గరెట్. "నాకు పెళ్లినాటి నుంచీ అదే అనుమానం."

లైనంతా నవ్వింది. క్లెమెంటుకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు గానీ, ప్రిన్సీ చెప్పిన ఆ ఇంగ్లీషు మాట మాత్రం తెగ నచ్చింది. గిన్నెలో చేపముక్క మాయమైతే ఆప్టికల్ ఇల్యూజన్. రైల్లో ఒకరి సీట్లో కూర్చుంటే ఆప్టికల్ ఇల్యూజన్. మార్గరెట్ పిలిచినది వినబడకపోయినా అదే.

"అది కంటికే అంకుల్, చెవికి కాదు," అని ప్రిన్సీ దిద్దింది.

మరో ఆదివారం ధైర్యం తెచ్చుకుని మళ్లీ మంచమేసినాడు. మేఘాలు కదిలినాయి. గోపురం మళ్లీ ఒరిగింది.

"తెలిసినా ఒరుగుతానే ఉండాదే!" అని ఆశ్చర్యపోయినాడు.

మార్గరెట్ వచ్చి మంచం వైపు చూసింది. "తెలిసినోడివి చెప్పులేసుకుని పడుకున్నావేమయ్యా?"

క్లెమెంటు తన కాళ్లు చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వినాడు.