జపాన్ పెట్టెలో కోడిపిల్లలు

ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగం దొరికితే సగం లోకం మన జేబులో ఉన్నట్టే. దానికి తోడు చేతిలో ఒక లావుపాటి పుస్తకం కూడా పెడితే మిగతా సగం కూడా మనదేనని నమ్మే వయసు నాది. ఎనభైల చివర్లో, కుసుమంచి దగ్గరి మా ఊరి నుంచి ఖమ్మం వచ్చి, ఎక్సైజూ కస్టమ్సూ రెండూ చూసే ఒక చిన్న ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా చేరాను. సముద్రం ఎక్కడో, మేమెక్కడో. ఓడను నేను అప్పటికి క్యాలెండరులో మాత్రమే చూశాను. అయినా విదేశాల నుంచి వచ్చే ఏ వస్తువు ఏ అధ్యాయంలోకి వస్తుందో, దాని మీద పన్ను ఎంతో చెప్పే టారిఫ్ పుస్తకాన్ని దాదాపు కంఠతా పట్టాను. ఇస్త్రీపెట్టె కనబడితే ఎనభై ఐదు, కుట్టుమిషను కనబడితే ఎనభై నాలుగు అని లోపల్లోపలే అనుకునేవాణ్ణి. (ఒక పెళ్ళిచూపుల్లో నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను ఏ అధ్యాయమో అమ్మాయి తండ్రికి విడమరిచి చెప్పాను కూడా. ఆ సంబంధం కుదరలేదు.)

మా పై అధికారి నోట్లో కిళ్ళీ లేకుండా మాట్లాడినట్టు ఎవరికీ గుర్తులేదు. అందుకే చాటుగా ఆయన్ని కిళ్ళీ సారు అనేవాళ్ళం. ఒకరోజు ఆయన నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. "ఏందయ్యా, అస్తమానం పుస్తకం ముంగటేసుకొని కూసుంటవ్. ఇగ అసలు పని చెయ్. ములకలపల్లి అవతల ఒకాయన బావమరిది కువైట్ నుంచి కరెంటు పెట్టె తెచ్చిండట. గుడ్లు పొదిగే మిషన్ అని ఏర్‌పోర్టుల రాయించిండు. ఆళ్ళకు నమ్మకం కుదరక, బాండు రాయించుకొని ఇడిసిపెట్టిన్రు. అవునో కాదో కండ్లతోని చూసి రాస్కరా" అన్నాడు. సంగతి నాకు వెంటనే అర్థమైంది. గుడ్లు పొదిగే యంత్రమైతే వ్యవసాయపు సామాను, ఎనభై నాలుగు, పన్ను తక్కువ. అన్నం, రొట్టె వేడి చేసుకునే పెట్టె అయితే ఇంటి సామాను, ఎనభై ఐదు, పన్ను పెట్టె ఖరీదునే మింగేస్తుంది. కట్టలేకపోతే పెట్టె పోతుంది. ఒక కుటుంబం వస్తువు నా కలం మొన మీద ఉందన్న మాట. ఆ మాటకు నేను భయపడాలి గానీ, నిజం చెప్పొద్దూ, మీసం దువ్వుకున్నాను.

వస్తున్నామని మూడు వారాల ముందే కబురు పంపడం మా ఆఫీసు మర్యాద. ఆ మూడు వారాలు అయ్యాక ఖమ్మంలో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, అడవి అంచున ఆ ఊళ్ళో దిగాను. దారి అడుగుతూ 'ఎక్సైజు నుంచి వచ్చాను' అన్నానో లేదో, చెట్ల కింద కూర్చున్న మగవాళ్ళందరూ లేచి ఎటు వాళ్ళు అటు వెళ్ళిపోయారు. ఇప్పసారా పట్టుకునే ఎక్సైజు వేరు, మాది వేరు అని వివరించడానికి అక్కడ మనిషంటూ మిగల్లేదు. చివరికి ఒక ముసలమ్మ దయతలచి తోడొచ్చింది. నేను వెతుకుతున్న ఇంట్లోనే కోళ్ళను చూసుకుంటుందట. నేనామెను కోళ్ళవ్వ అనే గుర్తుపెట్టుకున్నాను.

ఇంటాయన కృష్ణా జిల్లా నుంచి వలస వచ్చి మిరప వేస్తున్న రైతు. ఆయన భార్యను నేను మొదటి నుంచీ అక్కా అనే పిలిచాను, ఆమె ముఖం అలాంటిది. కువైట్ నుంచి వచ్చిన తమ్ముడు గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హాలు మధ్యలో బల్ల మీద జపాన్‌లో తయారైన ఆ కరెంటు పెట్టె, దానికి పసుపు, కుంకుమ. ముందు గాజు తలుపు, పక్కన తిప్పే మర, లోపల పసుపుపచ్చ దీపం. ఆ దీపం కింద, రొట్టెలు పేర్చుకునే జాలీ అర మీద, బొద్దుగా కోడిపిల్లలు!

"చూడండి సార్, మీరొచ్చే వేళకి సరిగ్గా పిల్లలయ్యాయి" అన్నాడు రైతు, ముఖమంతా చెమటలు కారుతుండగా. నేను గంభీరంగా టేపు తీసి పెట్టె పొడవు, వెడల్పు కొలిచాను. (పిల్లల్ని కొలవలేదు, ఒప్పుకోవలసిందే.) నేనూ పల్లెటూరివాణ్ణే. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లకు రెక్కల ఈకలు మొలవవని నాకు తెలియక కాదు. పెంకు ముక్క ఒక్కటైనా లేదేమిటన్న అనుమానమూ వచ్చింది. కానీ తలుపు పక్కన నిలబడి కొంగు చివర నలుపుతున్న అక్కను చూశాక నా అనుమానం మెత్తబడింది. పోనీలే, గుడ్లు పొదిగే యంత్రమనే రాసేద్దాం, పుణ్యం వస్తుంది అనుకున్నాను. టారిఫ్ పుస్తకం బల్ల మీద పరిచి, దాని మీద కాగితం పెట్టి, కలం మూత తీశాను.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి ఒక ఎర్ర పెట్ట, ఈకలన్నీ విచ్చుకుని, గుమ్మం దాటి, నా మోకాలు మీదుగా బల్ల మీదికి ఎగిరింది. గాజు తలుపును టకటకా పొడిచింది. అడ్డం వెళ్ళిన నా చేతినీ పొడిచింది. లోపల పిల్లలు ఒకటే కేకలు. కువైట్ తమ్ముడు కంగారులో పెట్టె తలుపు తీశాడు. పిల్లలన్నీ దొర్లుకుంటూ వచ్చి తల్లి రెక్కల కింద దూరాయి. ఆ తల్లి నా టారిఫ్ పుస్తకం మీద, గుడ్లు పొదుగుతున్నట్టు స్థిమితంగా కూర్చుంది.

"పెట్టను బుట్ట కింద మూసి బండ పెట్టమన్నాను కదవ్వా!" అన్నాడు రైతు, ఏడుపు గొంతుతో.

"పెట్టిన దొరా. పొద్దుగాల నుంచి ఒక్కతీరుగ మొత్తుకుంటాంది. పిల్లల తల్లి గట్ల ఏడుస్తాంటే సూస్కుంట కూసోమంటరా? నా తోని కాదు. బండ తీసిన" అంది కోళ్ళవ్వ. ఆమె గొంతులో భయం లేదు, జాలి ఉంది.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. అక్క నేల మీద కూర్చుని అంతా చెప్పేసింది. మోటారుకు కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ఆయన చేలోకి పరుగెత్తాలి, ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చినప్పుడల్లా ఆమె మళ్ళీ పొయ్యి రాజేయాలి. ఆయన తిన్నాక గానీ తను తినదు. తమ్ముడు కువైట్‌లో తన గదిలో ఏళ్ళ తరబడి రొట్టెలు వేడిగా ఉంచుకున్న పెట్టెను, ఇక తిరిగి వెళ్ళేది లేదని వచ్చేస్తూ, అక్క కోసం మోసుకొచ్చాడు. ఏర్‌పోర్టులో ముందున్నవాడి సామానుకు వేసిన పన్ను చూసి గుండె జారి, వరసలో ఎవరో చెప్పిన మాట పట్టుకుని గుడ్ల మిషన్ అనేశాడు. మా కబురు అందాక నిజంగానే గుడ్లు పెట్టి చూశారట. కరెంటు పోయి పోయి అన్నీ మురిగిపోయాయి. "పెట్టె తీసుకుపోతారా తమ్ముడూ?" అని అడిగింది. అంతమంది ముందు కోడి చెప్పిన సాక్ష్యాన్ని కాదని రాసే ధైర్యం నాకు లేదు. ఉన్నదున్నట్టు, ఇంటి సామానేనని రాసుకుని బయటపడ్డాను. దారి పొడుగునా నా మీద నాకే అసహ్యం వేసింది.

కిళ్ళీ సారు రిపోర్టు చదివి, కిళ్ళీ ఉమ్మి వచ్చి మరీ నవ్వాడు. ఆయన నోరు ఖాళీగా ఉండగా చూడటం నాకదే మొదలు. "కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చేసిండు గదయ్యా పిలగాడు! ఏండ్ల పాటు బయట పనిచేసి మళ్ళ పోకుంట వచ్చెటోడు, వాడిన ఇంటి సామాను తెచ్చుకుంటే మినహాయింపు ఉన్నది. నిజం చెప్తే పైసా లేకుంట పోతుండె. మిషన్ అయితే మినహాయింపు లేదు, పైకెళ్ళి దిగుమతి లైసెన్సు ఏదంటరు. నువ్వు జాలిపడి మిషన్ అని రాస్తే పెట్టె జప్తే! పుస్తకమంతా బట్టీ పట్టినవ్, సామాను నిబంధనలు చదవలేదా?" అన్నాడు. చదవలేదు. అవి వేరే పుస్తకంలో ఉన్నాయి. "భయపడి తప్పు చెప్పినమని ఒక అర్జీ పెట్టుకోమను. పైకి నేను రాస్త" అని ఆయన ఇంకో కిళ్ళీ విప్పాడు.

ఉత్తరం రాస్తే సరిపోయేది. కానీ ఆ వచ్చే ఆదివారం నేనే బయల్దేరాను. మా సారు చెప్పింది విన్నాక రైతు బావమరిది వీపు మీద ఒక్కటి చరిచి పెద్దగా నవ్వాడు. అన్నం తినకుండా కదలనివ్వలేదు. అక్క ఆ పెట్టె తలుపు తీసి వేడి వేడి అన్నం, చింతచిగురు పప్పు బయటికి తీసింది. అందరికీ వడ్డించి, నాలుగో విస్తరి తనకే వేసుకుని మా పక్కనే కూర్చుంది. "పెళ్ళయ్యాక ఆయనతో కలిసి తినడం ఇదే మొదలు తమ్ముడూ. ఇక పొయ్యి దగ్గర పనేముంది నాకు?" అంది. రైతు తల వంచుకుని ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. నాకు పప్పులో కారం ఎక్కువై కళ్ళు చెమర్చాయని అందరితో పాటు నేనూ నమ్మాను.

ఆ సాయంత్రం బస్టాండు దాకా ఎలా నడిచానో గుర్తులేదు. ఆ సంతోషంలో కొత్తగూడెం వెళ్ళే బస్సు అనుకుని భద్రాచలం వెళ్ళేది ఎక్కాను. టికెట్ తీసుకునేదాకా తెలియలేదు. తెలిశాక దిగలేదు కూడా, కిటికీ పక్కన కూర్చుని ఊరికే నవ్వుకుంటూ గోదావరి దాకా పోయాను. ఇప్పుడు రిటైరై, కళ్ళద్దాలు సర్దుకుని, బస్సు బోర్డు రెండుసార్లు చదివి గానీ అడుగు పైకి వేయని మనిషినయ్యాను. బోర్డు చదవకుండా ఎక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకున్నప్పుడల్లా, వాడి పక్క సీటు నా కోసం ఖాళీగా ఉంటే బాగుండు అనిపిస్తుంది.